కరెంటు కబురు

మా కాలనీకి వార్త రెండుసార్లు వస్తుంది, లేకపోతే అసలు రాదు. ఒక్కసారి, సరిగ్గా, అవసరమైన వేళకి రావడం మాత్రం నేను చూడలేదు.

నరసరావుపేట దాటాక పత్తి చేలను ప్లాట్లుగా కోసిన చోట ఉంటుంది మా కాలనీ. మేడెక్కితే ఒకపక్క కోటప్పకొండ, ఇంకోపక్క ఇంకా ప్లాట్లు కాని చేలు కనిపిస్తాయి. గురజాల నుంచి, మాచర్ల నుంచి, దాచేపల్లి నుంచి పిల్లల చదువుల కోసం వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళే ఎక్కువ. ఇళ్ళు కొత్తవి, పంతాలు మాత్రం ఊళ్ళ నుంచి సామానుతో పాటు లారీలో తెచ్చుకున్నవి. అందుకే మాకు అన్నీ రెండేసి. కాలనీ మొదట్లో రోడ్డుకి అటొక బోర్డు, ఇటొక బోర్డు. రెండింటి మీదా కాలనీ పేరు ఒకేలా ఉండదు. వినాయకుడికి రెండు పందిళ్ళు. వాట్సాప్ గ్రూపులూ రెండే.

ఒక గ్రూపు కాంట్రాక్టరు బాబాయిది. ఆయన కల్వర్టులు, సిమెంటు రోడ్లు వేయిస్తాడు. ప్రస్తుతం అధికారం ఆయనవైపు ఉంది. రెండోది లాయరన్నది. కోర్టులో ప్రాక్టీసు, అధికారం పోయిన పార్టీ. పార్టీల పేర్లు, కండువాల రంగులు ఇక్కడ రాయను. రాస్తే ఇది కూడా ఏదో ఒక గ్రూపు మెసేజి అయిపోతుంది.

నేను రెండు గ్రూపుల్లోనూ ఉన్నాను. నాలాంటివాళ్ళు కాలనీలో కొద్దిమందే. తెల్లారేసరికి రెండిట్లోనూ గులాబీల మీద శుభోదయాలు ఉంటాయి. తర్వాత నాయకుల పుట్టినరోజులు, మిర్చి ధర, తప్పిపోయిన గేదె, ఎక్కడో వేరే రాష్ట్రంలో వచ్చిన వరద వీడియోకి "మన పల్నాడులో తాజా పరిస్థితి" అనే శీర్షిక. ఒకసారి పెద్ద కొండచిలువ ఫోటో పెట్టి మన కాలనీ మూడో వీధిలో దొరికింది అన్నారు. మా కాలనీలో మూడో వీధి లేదు. ఆ సంగతి రాస్తే, "అయితే రెండో వీధి అయ్యుండిద్ది, జాగ్రత్తగా ఉండటంలో తప్పేంది" అని జవాబొచ్చింది.

నాకు కావలసిన వార్త ఒక్కటే. కరెంటు ఎప్పుడు పోతుంది, ఎప్పుడు వస్తుంది.

నేను ఎలక్ట్రికల్ బి.టెక్. చదివి, చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగు మిల్లులో మెయింటెనెన్సు చూస్తాను. మిల్లుకి కరెంటు ఆపాలంటే ముందురోజే కాగితం వస్తుంది. ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, ఎందుకు అన్నీ ఉంటాయి. దాన్నిబట్టి మేం మిషన్లను ఒక వరసలో ఆపుకుంటూ వస్తాం. ఆపడంలో తేడా వస్తే నూలు తెగుతుంది, అంతే. నష్టం నూలుకే. ఇంటి దగ్గర నా పక్క గోడకి అవతల కరెంటు మీద ఆధారపడింది ఒక మనిషి ఊపిరి. దానికి కాగితం లేదు.

ఆ మనిషి మాకు చుట్టం కాదు. వాళ్ళు ఇల్లు కట్టుకుని వచ్చిన రోజు నుంచీ నేను ఆయన్ని పెద్దనాన్న అని, ఆమెని పెద్దమ్మ అని పిలుస్తాను. ఆయన దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే విభాగంలో రిటైరయ్యేదాకా పనిచేశాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. సిమెంటు దుమ్మువల్లా, ఆయన కాల్చిన చుట్టలవల్లా అన్నది డాక్టరు తేల్చలేదు. రెండిట్లో దేన్ని తిట్టాలో తెలియక పెద్దమ్మ రెండిట్నీ తిడుతుంది. ఇప్పుడాయన మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఉంది. గాల్లోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టం గుండా ముక్కుకి పంపుతుంది. కరెంటు ఉన్నంతసేపూ ఆయన కబుర్లు చెబుతాడు, పేపరు చదువుతాడు, అధికారంలో ఉన్నవాళ్ళని తిడతాడు. ఆయన పుట్టుకతోనే లాయరన్న పార్టీ. ఊళ్ళో ఆయన తమ్ముడు ఆ పార్టీకి పెద్ద దిక్కు.

కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుంది. బ్యాటరీ పాతది, గంటకి కాస్త ఎక్కువ లాగుతుంది. ఆ తర్వాత సిలిండరు. దాన్ని టౌన్లో నింపించుకుని రావాలి. అంటే ముందురోజు కబురు తెలిస్తే సిలిండరు నిండుగా ఉంటుంది, ఇన్వర్టరు ఛార్జయి ఉంటుంది, ఆయనకేమీ కాదు. తెలియకపోతే ఏమవుతుందో ఊహించే ధైర్యం ఎవరికీ లేదు. లెక్కలో అర్థం కానిదేమీ లేదు. ఒక్క వాక్యం ఎవరైనా చెప్పాలి, అంతే.

ఆ వాక్యం ఎలా ప్రయాణిస్తుందో నేను ఓపిగ్గా కనుక్కున్నాను. లైన్ మీద పనిచేయాలంటే ముందు సరఫరా ఆపించుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. అది లైన్‌మన్‌కి ముందే తెలుస్తుంది. నేరుగా ఆయన్నే అడిగాను.

"అన్నా, లైన్ క్లియర్ ఉన్నప్పుడు నాకొక్క ఫోను కొట్టు."

"కాంట్రాక్టరు గారికీ లాయరు గారికీ చెబుతున్నా గదా సార్. ఆళ్ళు గ్రూపుల్లో పెడతారు."

"పెట్టడం లేదన్నా. అందుకే అడుగుతున్నా."

"నీకు ముందు చెప్పినట్టు తెలిస్తే ఇద్దరూ నన్ను నిలబెట్టి అడుగుతారు సార్, మాకంటే ఆయనెక్కువయ్యాడా అని. నన్నొదిలెయ్ సార్."

వాళ్ళిద్దరూ ఎందుకు పెట్టడం లేదో తర్వాత అర్థమైంది. ఎవరి గ్రూపులో ముందొస్తే ఆ వార్త వాళ్ళ సొంతం. కాంట్రాక్టరు బాబాయి ముందు పెడితే లాయరన్న పెట్టడు. పెడితే వాళ్ళ వార్త మోసినట్టవుతుందట. లాయరన్న ముందు పెడితే, "కరెంటు కోతలతో కాలనీ విలవిల" అని పెడతాడు. అందులో టైము ఉండదు. కోత ప్రభుత్వం చేసిన తప్పయినప్పుడు ఎన్నింటికి చేసింది అనేది ఆయనకు చిన్న విషయం. కాంట్రాక్టరు బాబాయికి అసలు కోత అనే మాటే ఇష్టం లేదు. మన పాలనలో కోతలేంది అంటాడు.

విసిగి మూడో గ్రూపు ఒకటి పెట్టాను. "కరెంటు, నీళ్ళు మాత్రమే" అని పేరు. ఆ పేరు చదివి కూడా రెండో రోజు సాయంత్రం ఒకాయన ఎవరిదో పుట్టినరోజు ఫోటో పెట్టాడు. తీసేశాను. "మావాడి ఫోటో తీసేశావంటే నువ్వెవరి మనిషివో తెలిసిపోయిందిలే" అన్నాడు. అడ్మిన్లు తప్ప ఎవరూ పెట్టకుండా మార్చాను. వెంటనే కాంట్రాక్టరు బాబాయి తనని అడ్మిన్ని చేయమన్నాడు. చేశాను. చేసిన సంగతి తెలిసి లాయరన్న తననీ చేయమన్నాడు. చేశాను. వాళ్ళలో ఒకరు రెండోవారిని తీసేశారు, తీసేసినవారిని నేను మళ్ళీ కలిపాను, కలిపినందుకు ఇద్దరూ తిడితే నేనే బయటికొచ్చేశాను. నేను పెట్టిన గ్రూపులో నేను లేను. అది ఇప్పటికీ నడుస్తోందట. శుభోదయాలు బాగా వస్తాయని విన్నాను.

ఇంతలో కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. పాతదాని మీద లోడు ఎక్కువై ఎండాకాలం అంతా వోల్టేజీ లేక ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరిగాయి. కాబట్టి అది మంచి వార్తే. కాంట్రాక్టరు బాబాయి గ్రూపులో చాంతాడంత మెసేజి పెట్టాడు. ఎవరి కృషితో వచ్చింది, ఎవరి ఆశీస్సులతో, ఎవరి సమక్షంలో, రేపు ఎవరి చేతులమీదుగా ప్రారంభం, వేదిక మీద కూర్చునేవాళ్ళు ఎవరెవరు, భోజనాలు ఎవరు పెడుతున్నారు. దిమ్మె పక్కన నిలబడిన ఫోటోలు తొమ్మిది. ఒక దాంట్లో ట్రాన్స్‌ఫార్మరు కూడా కనిపించింది. ఆ మెసేజిలో లేనిది ఒక్కటే. కొత్తదాన్ని లైనుకి కలపాలంటే ఆ పొద్దుటి నుంచీ కాలనీకి కరెంటు ఆపాలి. లాయరన్న గ్రూపులో ఆ రోజు ట్రాన్స్‌ఫార్మరు గురించి ఒక్క ముక్క లేదు. అసలు అది రాలేదన్నట్టే ఉంది. పెద్దనాన్న ఉన్నది ఆ గ్రూపులో.

నేను ఆ రాత్రి షిఫ్టులో ఉన్నాను. పొద్దున బండి మీద కాలనీలోకి వస్తుంటే రోడ్డుకి అడ్డంగా షామియానా, దాని నిండా కుర్చీలు. మా కాలనీ నుంచి బయటపడే రోడ్డు అదొక్కటే. బండి కుర్చీల మధ్య నుంచి నడిపించుకుని ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఒరేయ్ అబ్బాయ్, వచ్చావా! నీ ఫోను మోగదేందిరా?"

షిఫ్టులో ఫోను లాకర్లో పెడతాం. ఆ మాట చెప్పేలోపే లోపల్నుంచి ఇన్వర్టరు కూత వినపడింది. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు అది అలా కూస్తుంది.

"కరెంటు ఎప్పుడు పోయింది పెద్దమ్మా?"

"నేను కాఫీ పెట్టుకునేటప్పుడు పోయింది. వచ్చిద్దిలే, వచ్చిద్దిలే అని చూస్తన్నా. సిలిండరేమో పోయినసారి వాడిందే. నింపించలేదు. ఇయ్యాల పోయిద్దని ఎవరు చెప్పారు మనకి?"

పెద్దనాన్న మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు. మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉన్నాడంటే అదే గుర్తు. వేలికి పెట్టే మీటరు చూశాను. తొంభై పైన ఉండాల్సిన ఆక్సిజన్ ఎనభై ఐదు చూపిస్తోంది. సిలిండరు ముల్లు సున్నాకి కాస్త పైన ఉంది. దాంతో కొన్ని నిమిషాలు గడుస్తాయి.

నేను పరిగెత్తాను. లైన్‌మన్ కొత్త ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

"అన్నా, ఇంకెంతసేపు పని?"

"పనైపోయింది సార్. ఎప్పుడో అయిపోయింది."

"అయితే వెయ్యి!"

"ఎట్టా వేస్తా సార్? ఆయన రావాల."

"ఎవరు?"

లైన్‌మన్ ఇడ్లీ ముక్కతో ఫ్లెక్సీ వైపు చూపించాడు. నాయకుడు అందులో నిలువెత్తున నమస్కారం పెడుతున్నాడు. ఆయన పిడుగురాళ్ళలో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్కడి నుంచి వస్తూ వస్తూ దారిలో ఇంకెక్కడో ఆగాడట. కాలనీ మొత్తానికి పొద్దుటి నుంచీ కరెంటు లేకపోవడానికి కారణం పని కాదు. రిబ్బను.

కాంట్రాక్టరు బాబాయి తెల్లచొక్కాలో కుర్చీలు సర్దిస్తున్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను.

"అయ్యో! పెద్దాయనకా?" అన్నాడు. నిజంగానే కంగారు పడ్డాడు. "నాకు ఒక్క ముక్క చెబితే పోయేది గదరా."

"నీకు చెప్పేదేంది బాబాయ్? కరెంటు పోతుందని నువ్వు గదా చెప్పాల్సింది."

"మెసేజి పెట్టాం గదా!"

"అందులో భోజనాలు కూడా ఉన్నాయి బాబాయ్, కరెంటు పోతుందని లేదు."

"ప్రారంభోత్సవం అని ఉంది గదా. ప్రారంభించాలంటే ముందు ఆపాల గదా. ఇంజినీరువి, నీకు నేను చెప్పాలా?"

నిజమే, అది నాకూ తట్టలేదు. "ముందిప్పుడు వేయించు, ఆయనొచ్చాక మళ్ళీ ఆపి వేయించు" అన్నాను. బాబాయి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "వెలుగుతున్న లైట్లకి ఆయనేం ప్రారంభం చేస్తాడ్రా? ఎదురు పార్టీవోళ్ళు వీడియో తీసి పెడితే?" అన్నాడు.

అంబులెన్సుకి ఫోను చేస్తే బయల్దేరుతున్నామన్నారు. కానీ లోపలికి రావాలంటే షామియానా విప్పాలి. ఎవరో ఆటో తెచ్చారు. నేనూ, ఆటో అతనూ, బాబాయి పంపిన ఇద్దరూ కలిసి పెద్దనాన్నని సిలిండరుతో సహా ఆటోలో కూర్చోబెట్టాం. అంబులెన్సు వచ్చే చోటికి చేరిస్తే చాలనుకున్నాం. ఎందుకైనా మంచిదని మిషను కూడా ఆటోలో పెట్టాను. షామియానా దగ్గరికి వచ్చేసరికి ముల్లు సున్నా మీద పడింది. ఎదురుగా వరసలు వరసలుగా కుర్చీలు. పక్కనే మైకు సెట్టువాళ్ళ జనరేటరు గుర్రుగుర్రుమంటోంది. కాలనీలో కరెంటంటూ ఉన్నది అక్కడొక్కచోటే. "హలో, మైక్ టెస్టింగ్" అంటున్నాడు మైకతను.

ప్లగ్గు పెట్టే బోర్డు ఒక్కటే ఉంది. వేదిక మీద, మైకు వెనకాల.

"వేదిక మీదికి తీసుకెళ్దాం" అన్నాను.

పెద్దనాన్న అప్పుడు మాట్లాడాడు. ముక్కలు ముక్కలుగా. "ఆ టెంటు కిందికా... నేను... రాను."

"పార్టీ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఊపిరి పీల్చుకో" అని పెద్దమ్మ ఆయన చంకల కింద చేతులేసి లేపింది. "ఈ వయసులో నీ పంతాలేందయ్యా! ఎక్కు!"

ఎక్కించాం. మైకతను అభ్యంతరం చెప్పాడు, మిషను పెడితే ఆంప్లిఫయరు కాలిపోతుందని. అది ఫ్రిజ్ కంటే కాస్త ఎక్కువ తాగుతుందంతే, నీ జనరేటరు దానికి పది రెట్లు ఇస్తుంది అని లెక్క చెప్పాను. లెక్క ఆయనకు ఎక్కలేదు. పెద్దమ్మ చూసిన చూపు ఎక్కింది. ప్లగ్గు పెట్టాడు. మిషను ఒకసారి కూసి, ఊపిరి తీయడం మొదలుపెట్టింది. పెద్దనాన్న వేదిక మీద రెండో వరస కుర్చీలో, ముక్కుకి గొట్టంతో, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మీటరు మెల్లగా పైకెక్కింది. ఎనభై ఎనిమిది, తొంభై, తొంభై రెండు. అంబులెన్సు వాళ్ళొచ్చి చూసి, ప్రస్తుతానికి బాగానే ఉంది, కరెంటు వచ్చేదాకా కదపొద్దు, వచ్చాక కావాలంటే పిలవండి అని వెళ్ళిపోయారు.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

నాయకుడు వచ్చాడు. టపాకాయలు కాల్చారు. ఆ పొగకి పెద్దనాన్న దగ్గాడు. నాయకుడు వేదిక ఎక్కి, మా దగ్గర ఆనవాయితీ ఎలా ఉంటుందో అలాగే చేశాడు. వేదిక మీద కూర్చున్న ప్రతి మనిషికీ వరసగా కండువా కప్పుకుంటూ వెళ్ళాడు. వెనక ఒకడు కండువాల కట్ట పట్టుకుని అందిస్తుంటాడు, ముందు విలేకరి ఫోటో తీస్తుంటాడు, ఆయన చేతులు వాటంతటవే కప్పుతాయి. ఎవరికి కప్పుతున్నాడో చూడడు. పెద్దనాన్న దగ్గరికి వచ్చినప్పుడు నేను "సార్, సార్, ఈయన" అన్నాను. అప్పటికే కప్పేశాడు. గొట్టం కండువా కింద నలిగిందేమోనని పెద్దనాన్న రెండు చేతులూ ఎత్తి సర్దుకోబోయాడు. ఫోటోలో అది నమస్కారంలా పడింది.

స్విచ్చి వేశారు. కరెంటు వచ్చింది. చప్పట్లు.

మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు ప్రారంభం గురించి నాలుగు వాక్యాలు, వేదిక మీదివాళ్ళ పేర్లు పదహారు, చివర్లో విడిగా ఒక పేరా. ఎదుటి పార్టీలో ఏళ్ళ తరబడి ఉన్న ఒక పెద్దాయన, జరుగుతున్న అభివృద్ధికి ఆకర్షితుడై, అనారోగ్యాన్ని సైతం లెక్కచేయకుండా వేదిక మీదికి వచ్చి పార్టీలో చేరారని అందులో ఉంది. పెద్దనాన్న పేరు, ఊరు, ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా ఉన్నాయి. మిగతా అంతా తప్పే.

పది గంటలకల్లా లాయరన్న గ్రూపు అంటుకుంది. ఊపిరాడని వృద్ధుణ్ణి ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి బలవంతంగా కండువా కప్పారని పెట్టారు. ఎత్తుకెళ్ళినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే కాబట్టి ఆ మెసేజి చదవడం నాకు ఇబ్బందిగా అనిపించింది. అవతలి గ్రూపులో ఆయన్ని అభినందిస్తూ పూలగుత్తుల బొమ్మలు వచ్చాయి. మధ్యాహ్నం ఊరి నుంచి పెద్దనాన్న తమ్ముడు ఫోను చేశాడు. స్పీకరు వేయకపోయినా గోడ అవతలికి వినిపించింది.

"ఊళ్ళో తలెత్తుకోనీకుండా చేశావు గదరా అన్నయ్యా! ఆ కండువా కప్పుకునే ముందు నాకొక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

పెద్దనాన్న చివరిదాకా విన్నాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. విలేకరి ఎక్కడ దొరుకుతాడో తెలుసు. కోర్టు దగ్గర టీ కొట్టులో కూర్చుని వార్తలు ఫోన్లోనే కొట్టి పంపిస్తాడు. వెళ్ళి జరిగింది జరిగినట్టు వరసగా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

"నీ బాధ అర్థమైంది తమ్ముడూ. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"సవరణ వెయ్యన్నా. ఆయన పార్టీలో చేరలేదు, కరెంటు కోసం వచ్చాడని."

"సవరణంటే రెండు లైన్లు. మూల పడేస్తారు, ఎవరు చూస్తారు? పైగా చేరలేదని రాస్తే కండువా కప్పినాయనకి మండిద్ది. ఒక పని చేద్దాం. లాయరు గారితో ఇంకో కండువా కప్పించు. సొంతగూటికి చేరాడని ఫోటోతో పెద్దగా వేస్తా."

"అసలు గూటిలోంచి బయటికే పోలేదన్నా ఆయన!"

"పోలేదని ఫోటో ఉందా? పోయినట్టు ఉంది."

టీ కూడా తాగకుండా లేచొచ్చాను. కానీ వదలలేదు. పేపరు ఆఫీసుకి రాయాలని ఇంటికొచ్చి ఉత్తరం మొదలుపెట్టాను. ఎన్నింటికి కరెంటు పోయింది, ఎందుకు పోయింది, వేదిక మీదికి ఎందుకు తెచ్చాం, ఒకదాని తర్వాత ఒకటి. అది పట్టుకుని పెద్దనాన్నతో సంతకం పెట్టించుకుందామని పక్కింటికి వెళ్ళేసరికి లాయరన్న అక్కడున్నాడు. చేతిలో కండువా. వెంట ఫోను పట్టుకుని ఇంకొకడు.

"పెద్దనాన్నా, ఒక్క నిమిషం. కప్పి ఒక ఫోటో తీసుకుంటే పీడా పోయిద్ది" అంటున్నాడు లాయరన్న.

పెద్దనాన్నకి దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, మంచం కదిలేంత దగ్గు. లాయరన్న కండువా మడిచి జేబులో పెట్టుకునేదాకా తగ్గలేదు. "ఇంకోసారి వస్తాలే, విశ్రాంతి తీసుకో" అని ఆయన వెళ్ళిపోయాడు. గేటు చప్పుడు కాగానే దగ్గు ఆగింది. పెద్దనాన్న నా చేతిలో కాగితం వైపు చూశాడు.

"ఏందిరా అది?"

"సవరణ వేయమని ఉత్తరం. సంతకం పెట్టు పెద్దనాన్నా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? అది అబద్ధం."

"అబద్ధమే." ఊపిరి తీసుకున్నాడు. "పొద్దున కాంట్రాక్టరు ఫోను చేశాడు. గురువారం లైను మీది కొమ్మలు కొడతారంట, కరెంటు ఉండదు, సిలిండరు నింపుకో పెద్దాయనా అన్నాడు. ఈ కాలనీకొచ్చినకాడ్నుంచీ ఆడు నాకు ఫోను చేసిన పాపాన పోలా. పది నిమిషాలాగి లాయరు చేశాడు. అదే మాట. టైముతో సహా చెప్పాడు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నేను చేరలేదని పేపర్లో వేయించావనుకో, రేపట్నుంచి కాంట్రాక్టరు చెయ్యడు. లాయరు కండువా కప్పించుకున్నా అంతే. చేరానని ఒప్పుకున్నాననుకో, లాయరు మానేస్తాడు. ఇప్పుడు నేనెవరి మనిషినో ఇద్దరికీ తెలవదు. తెలవనంతకాలం ఇద్దరూ చెబుతారు."

"ఇదేం పద్ధతి పెద్దనాన్నా!" అన్నాను. గొంతు పెరిగింది. "ఒక్క వాక్యం. ఫలానా రోజు, ఫలానా టైముకి కరెంటు ఉండదు అని ఒక్క వాక్యం అందరికీ చెబితే సరిపోయేదానికి, నువ్వు దొంగలా దగ్గుకుంటూ కూర్చోవాలా?"

"మీ మిల్లులో కాగితం వచ్చిద్దిలేరా" అన్నాడు.

"మరి మీ తమ్ముడు? ఆయనకైనా నిజం చెప్పు."

పెద్దమ్మ వంటింటి గుమ్మంలోంచి అంది: "ఆడికి చెబితే గంటలో లాయరుకి తెలిసిద్ది. లాయరుకి తెలిస్తే ఊరుకుంటాడా? గ్రూపులో పెడతాడు. కాంట్రాక్టరు చదువుతాడు. అయిపాయె." ఆమె అప్పటికే ఆ దారంతా ఆలోచించి పెట్టుకుంది. "మొన్నటి ఎలక్షన్లకి కూడా మిషను కార్లో పెట్టుకుని పోయి వాళ్ళ తమ్ముడి అరుగు మీద కూర్చునొచ్చాడు. ఇప్పుడు గుమ్మం తొక్కొద్దంటన్నాడంట."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. లైన్‌మన్ మీదా, బాబాయి మీదా, లాయరన్న మీదా, పేపరు మీదా విడివిడిగా కోపం తెచ్చుకుని చూశాను. ఒక్కొక్కరిని విడిగా చూస్తే ఎవరూ ఆయన చావాలని కోరుకున్నవాళ్ళు కాదు. ఆటోలోకి ఎక్కించడానికి మనుషుల్ని పంపింది బాబాయే. ఆయనకి ఊపిరాడలేదని తెలిసిన రోజు సాయంత్రం పండ్లు తెచ్చిచ్చింది లాయరన్నే. ఆ పండ్లు ఇచ్చే చేత్తో కబురు కూడా ఇచ్చి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. ఆ ఒక్క పని చేయడానికి మాత్రం ఆయన్ని ఎదుటివాడు లాక్కుంటాడన్న భయం కావలసి వచ్చింది.

బుధవారం సాయంత్రం నేను సిలిండరు తీసి బండి వెనక తాడుతో కడుతున్నాను. కిటికీ తెరిచి ఉంది. పెద్దనాన్న మంచం పక్కన ఫోను మోగింది. పెద్దమ్మ తొంగిచూసి, "మీ తమ్ముడు" అంది. ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తలేదు, కట్ చేయలేదు. మోగినంతసేపూ దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆగిపోయాక దిండు పక్కన బోర్లా పెట్టాడు.

"అబ్బాయ్, నువ్వూ కనుక్కున్నావు గదా, రేపు ఎన్నింటికంటన్నారు?" అని కిటికీలోంచి అడిగాడు.

"తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పెద్దనాన్నా."

"ఇద్దరూ అదే చెప్పారా?"

"ఇద్దరూ అదే."

"అయితే బయల్దేరు. కొట్టు కట్టేస్తారు."